టెక్ సందేహాలు: "నువ్వు ముట్టుకున్నాకే పాడైంది"

సందేహం: మాది విజయనగరం. కంప్యూటర్ సైన్స్ చదివానని ఫ్రెండ్సంతా లాప్‌టాప్‌లు తెచ్చి మా ఇంట్లో పడేస్తున్నారు. ఎండాకాలంలో ఒకడికి విండోస్ వేసిచ్చాను, ఇప్పుడు స్క్రీన్ మీద గీతలొచ్చాయంట, నువ్వు ముట్టుకున్నాకే ఇలా అయిందంటున్నాడు. కాదంటే ఫీలవుతారు. ఏటి చెయ్యాలి?

జవాబు: ముందు ఆ గీతల సంగతి తేల్చేద్దాం తమ్ముడూ. ఆన్ చేసి నేరుగా బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్‌లోకి వెళ్ళు, చాలా వాటిలో ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కితే వస్తుంది, అక్కడికింకా విండోస్ మొదలే అవ్వదు కాబట్టి అక్కడా గీతలుంటే నువ్వేసిన విండోస్‌కి సంబంధమే లేదు. తర్వాత హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి పెట్టు, టీవీలో బొమ్మ శుభ్రంగా ఉంటే పోయింది ప్యానెలో, మూత తీసి వేసే దగ్గర నలిగే డిస్‌ప్లే కేబులో. ఇదంతా వాడి ఎదురుగానే చెయ్యి, నోటితో చెప్తే నమ్మడు. గంటస్తంభం వైపు షాపుకి మాత్రం వాడినే తీసుకెళ్ళమను, నువ్వు మోసుకెళ్తే బిల్లు కూడా నీ ఖాతాలోకే.

ఇకమీదట బ్యాకప్ వాళ్ళే తీసుకుని తేవాలి, ఇందులో మొహమాటం వద్దు. పెళ్ళి ఫొటోలు పోయాక "నువ్వడగలేదు కదా" అంటారు. విండోస్ 11 ఉన్నవాటిలో బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని డేటాకి వేసే తాళం, ఆన్‌లో ఉన్న సంగతి చాలామందికి తెలీదు, బయోస్‌లో ఏదైనా మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, అది వాళ్ళ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో వాళ్ళనే ముందు చూసుకోమను, పాస్‌వర్డ్ నీకు చెప్పనివ్వకు.

చిన్న చిన్నవాటికి, దూరం నుంచే వాళ్ళ స్క్రీన్ చూసి సాయం చేసే క్విక్ అసిస్ట్ చాలు. కంట్రోల్, విండోస్, క్యూ కలిపి నొక్కితే వస్తుంది, నువ్వు కోడ్ ఇస్తావు, వాళ్ళు కొట్టి ఓకే అంటారు, ఏం జరుగుతోందో వాళ్ళకీ కనపడుతుంది, ఇల్లు కదలక్కర్లేదు. టైం కూడా నువ్వే చెప్పు, "ఆదివారం పొద్దున్న చూస్తాన్రా" అంటే సగం సమస్యలు ఆదివారానికి వాటంతటవే బాగైపోతాయి. సిరిమాను పండక్కి ఊరొచ్చి బ్యాగులోంచి లాప్‌టాప్ తీసేవాళ్ళకీ ఇదే మాట.

కొనకుండా దొంగదారిన నడిపించే క్రాక్ ఆఫీస్, యాక్టివేటర్లు అడిగితే సూటిగా కాదను. వాటితో పాటు పాస్‌వర్డులు దొంగిలించేవి కూడా దూరుతుంటాయి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కదా, పాత మెషిన్‌లో ఎలాగోలా 11 ఎక్కించెయ్యమంటారు, 11కి కావాల్సిన సెక్యూరిటీ చిప్ టీపీఎం 2.0 లేనిదాంట్లో అలా ఎక్కిస్తే అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ మైక్రోసాఫ్టే ఇవ్వట్లేదు, ఆ గ్యారంటీ నువ్వెందుకిస్తావు?