తప్పని తెలుసు, ఎందుకో చెప్పలేకపోతున్నాను

ప్రశ్న: నాన్నకు మతిమరుపు జబ్బు. వైద్యం కోసం ఆయన పేరున ఉన్న డిపాజిట్ తీద్దామంటున్నాడు అన్నయ్య. ఆ డబ్బు నాన్నకే ఖర్చవుతుంది, అందులో నాకు అనుమానం లేదు. కానీ ‘ఏదో మామూలు కాగితం’ అని చెప్పి సంతకం పెట్టించాలని చూశాడు. నాన్న కళ్లజోడు పెట్టుకుని, పెన్ను పట్టుకుని ‘ఇదేంటమ్మా?’ అని నన్ను అడిగారు. నేను కాగితం లాగేసుకున్నాను. ‘చెప్పినా ఐదు నిమిషాల్లో మర్చిపోతారు, ఎవరికి నష్టం? తప్పని నిరూపించు’ అంటాడు అన్నయ్య. నా దగ్గర జవాబు లేదు. నాది ఉత్త సెంటిమెంటేనా?

జవాబు: అమ్మా, వాదనలో మీరు ఓడిపోయి ఉండొచ్చు. అంతమాత్రాన మీకు తెలిసింది అబద్ధమైపోదు. సరిగ్గా మీలాంటి ఇబ్బంది గురించే కొందరు తత్వవేత్తలు చాలా లోతుగా ఆలోచించారు. కొన్ని తప్పొప్పులు రుజువు లేకుండానే నేరుగా తెలుస్తాయనే వాళ్ల సిద్ధాంతాన్ని మోరల్ ఇంట్యూషనిజం అంటారు. ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పిన హెచ్.ఎ. ప్రిచర్డ్ 1912లో రాసిన ఒక వ్యాసంలో, బాధ్యతకు రుజువు వెతకడమే పొరపాటు అన్నాడు. ‘దీనివల్ల ఏం మేలు?’ అని లెక్క కట్టి బాధ్యతను తేల్చలేం, పరిస్థితిని పూర్తిగా చూసినప్పుడు అది నేరుగా తెలుస్తుంది అని ఆయన ఉద్దేశం. మీ అన్నయ్యను ఒక్క మాట అడిగి చూడండి: ‘నష్టం చేయడం తప్పని నువ్వెలా నిరూపిస్తావు?’ ఆయన వాదన కూడా ఎక్కడో ఒకచోట రుజువు అడగని మాట మీదే నిలబడి ఉంది.

అయితే మనసుకు తోచిందల్లా నిజం కాదు. ఈ విషయంలో మీతో కాస్త గట్టిగానే మాట్లాడాలి. భయం, పాత కోపం, అలవాటు కూడా అచ్చం అంతరాత్మలాగే మాట్లాడతాయి. అన్నయ్య అన్నీ తనే నిర్ణయిస్తాడన్న బాధ మీలో ఎప్పటినుంచో ఉందా? ఉంటే దాన్ని పక్కన పెట్టి, ఆ కాగితం తెచ్చింది మీరే అనుకోండి. అప్పుడూ ‘ఇదేంటమ్మా?’ అన్న ప్రశ్నకు అబద్ధం చెప్పడానికి నోరు రాకపోతే, అది కోపం కాదు. నాన్న చేతిలో పెన్ను చూసినప్పుడు మీకు తెలిసింది నిజమనే నాకు అనిపిస్తోంది. ఆయన అడిగారు. అడిగిన మనిషికి నిజం చెప్పాలి. ఐదు నిమిషాల తర్వాత మర్చిపోతారు కాబట్టి ఆ ఐదు నిమిషాల్లో మోసం చేయొచ్చు అనడం నాకు మింగుడుపడదు.

మీ అన్నయ్య చూస్తున్నదీ నిజమే. నాన్న బాగోగులు చూడడం కూడా బాధ్యతే కదా. ఇదే సిద్ధాంతానికి చెందిన మరో తత్వవేత్త డబ్ల్యూ.డి. రాస్ 1930లో ఇలాంటి మూల బాధ్యతలు ఏడు చెప్పాడు. మాట మీద నిలబడడం, చేసిన తప్పును సరిదిద్దుకోవడం, కృతజ్ఞత, న్యాయం, మేలు చేయడం, తనను తాను మెరుగుపరుచుకోవడం, హాని చేయకపోవడం. అబద్ధం ఆడకపోవడాన్ని మొదటిదాంట్లోనే చేర్చాడు. ఇవి బాధ్యతలని గ్రహించడానికి రుజువు అక్కర్లేదు, కానీ రెండు ఢీకొన్నప్పుడు ఏది పైదో ముందే చెప్పే సూత్రం లేదు, ఆలోచించి తేల్చుకోవాల్సిందే అన్నాడాయన. అందుకే మీ ఇద్దరిలో ఒకరు మంచి, ఒకరు చెడు అనుకుని గొడవ పెంచుకోకండి. ఇద్దరూ చెరొక బాధ్యతను పట్టుకున్నారు.

పైగా మీ విషయంలో ఒకదాని కోసం ఇంకొకటి వదలాల్సిన అవసరం ఇంకా రాలేదు. నాన్న కాస్త తేటగా ఉండే వేళ చూసి, ‘మీ డిపాజిట్ తీసి మీ వైద్యానికే వాడతాం’ అని ఇద్దరూ కలిసి చెప్పండి. మర్చిపోతే మళ్లీ చెప్పండి. ఆయనకు అసలు అర్థమే కావడం లేదనిపిస్తే ఆ సంతకం జోలికి పోవద్దు. ముందు డాక్టరును, తర్వాత ఒక లాయరును కలిసి, కుటుంబం తరఫున నిర్ణయం తీసుకునే దారి ఏముందో కనుక్కోండి. కొంత ఆలస్యమవుతుంది, అన్నయ్య విసుక్కుంటారు కూడా. ఆ తిరుగుడు పని మీరే తీసుకుంటానని చెప్పండి, ఆయన సగం మెత్తబడతారు.

ఆ కాగితం మళ్లీ నాన్న ముందుకు వచ్చే రోజున పక్కన మీరే కూర్చోండి. ‘ఇదేంటమ్మా?’ అని మళ్లీ అడుగుతారు. కళ్లజోడు అందించి, మొదటి లైను నుంచి చదివి వినిపించండి.