జ్ఞాపకమున్న నాయిస్‌తో పని మొదలుపెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ప్లాను చదివాను. ఐసింగ్ తరహా ఫీల్డ్ మోడల్‌లో (అయస్కాంతానికి సరళమైన నమూనా) వైట్ నాయిస్, అంటే ఒక క్షణానికీ ఇంకో క్షణానికీ సంబంధం లేని యాదృచ్ఛిక కుదుపు, తీసేసి, జ్ఞాపకమున్న నాయిస్ పెడితే క్రిటికల్ ఎక్స్‌పొనెంట్లు (దశ మారే చోట వ్యవస్థ నడతను చెప్పే ఘాతాలు) మారతాయా అన్నది నీ ప్రశ్న. మంచి ప్రశ్నే. కోడ్ జోలికి వెళ్లే ముందు రెండు సంగతులు తేల్చుకుంటే సగం జవాబు కాగితం మీదే దొరుకుతుంది.

నాయిస్‌కి జ్ఞాపకం ఉందన్నావు, మరి రాపిడికి? ఎక్కడా రాయలేదు. కుదిపే అణువులే అడ్డుకునేవి కూడా. పరిసరాలు సమతాస్థితిలో ఉంటే రెండిటి జ్ఞాపకం ఒకటే కావాలి. 1966లో భౌతిక శాస్త్రవేత్త కుబో రాసిన సంబంధం సారం ఇదే. దాన్ని పాటిస్తే బోల్ట్జ్‌మన్ పంపిణీ (సమతాస్థితిలో ఏ స్థితికి ఎంత సంభావ్యతో చెప్పేది) చెక్కుచెదరదు. క్రిటికల్ ఉష్ణోగ్రత కదలదు, రెండు డైమెన్షన్లలో బీటా (క్రిటికల్ పాయింట్ దగ్గర అయస్కాంతత్వం ఎలా తగ్గుతుందో చెప్పే ఎక్స్‌పొనెంట్) 1/8గానే ఉంటుంది. మారితే గీరితే కాలానికి సంబంధించిన జెడ్ (సైజుతో పాటు సర్దుకునే కాలం ఏ ఘాతంతో పెరుగుతుందో చెప్పేది) మారాలి. అలాంటి సిమ్యులేషన్‌లో బీటా మారినట్టు కనిపిస్తే సంబరపడకు, కోడ్‌లో తప్పు వెతుకు.

రాపిడిని మామూలుగా వదిలి నాయిస్‌కి మాత్రమే జ్ఞాపకం ఇస్తే అది బయటినుంచి తోస్తున్న బలం. డీటెయిల్డ్ బ్యాలెన్స్ (ప్రతి మార్పూ దాని తిరుగు మార్పూ సమంగా జరగడం) పోతుంది, క్రిటికల్ పాయింటే జరుగుతుంది, ఉష్ణోగ్రత అన్న మాట వాడేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. నీకు ఈ రెండిట్లో ఏది కావాలో మొదటి పేజీలోనే రాసుకో. కలిపేస్తే తర్వాత ఏ ఫలితాన్నీ దేనితోనూ పోల్చలేవు.

ఇక రెండోది. ఆ జ్ఞాపకం ఎప్పటికైనా చెరిగిపోయేదేనా? టావ్ అనే కాలంలో ఎక్స్‌పొనెన్షియల్‌గా తగ్గేదైతే పెద్ద భయం లేదు. క్రిటికల్ పాయింట్‌కి దగ్గరయ్యేకొద్దీ వ్యవస్థ సర్దుకునే కాలం హద్దు లేకుండా పెరుగుతుంది, టావ్ ఎక్కడో ఒకచోట వెనకబడిపోతుంది. అక్కడినుంచి అది వైట్ నాయిస్‌తో సమానమే. చిక్కంతా చిన్న లాటిస్‌లతో, అంటే సిమ్యులేషన్ నడిచే చిన్న గళ్ల వలలతో. జెడ్ దాదాపు 2.17 కాబట్టి, సైజు 16 అయితే సర్దుకునే కాలం స్థూలంగా 410, 64 అయితే 8,300. టావ్ 1,000 పెట్టి 16 సైజులో కొలిస్తే నీకు దొరికేది నాయిస్ లక్షణమే కానీ క్రిటికల్ లక్షణం కాదు. కొత్త ఎక్స్‌పొనెంట్ దొరికిందన్న టెన్షన్ మాత్రం ఉచితం.

అసలు రుచి పవర్ లా జ్ఞాపకంలో ఉంది. నాయిస్ కోరిలేషన్ (వేర్వేరు క్షణాల కుదుపుల మధ్య సంబంధం) కాలానికి మైనస్ ఆల్ఫా ఘాతంగా తగ్గుతోందనుకో, ఆల్ఫా 1 కంటే తక్కువ, రాపిడికీ అదే జ్ఞాపకం. దానికి సొంత కాలపరిమితి లేదు, కాబట్టి వెనకబడదు. ఫీల్డ్ శక్తిలో నాలుగో ఘాతపు పదం (ఇదే ఇక్కడ ఇంటరాక్షన్) లేకపోతే జెడ్ 2/ఆల్ఫా అవుతుంది, అంటే ఎప్పుడూ 2 కంటే ఎక్కువే, జ్ఞాపకమే గెలుస్తుంది. ఇంటరాక్షన్ ఉంటే లెక్క మారుతుంది. బోనార్ట్, కుగ్లియాండోలో, గంబాసీ 2012లో చూపించింది ఇదే. అప్పుడు జ్ఞాపకం ఇచ్చే జెడ్ (2 − ఈటా)/ఆల్ఫా; ఈటా అంటే క్రిటికల్ పాయింట్‌లో దూరంతో కోరిలేషన్ ఎలా తగ్గుతుందో చెప్పే ఎక్స్‌పొనెంట్. దానికి పోటీగా మామూలు జెడ్ ఉంటుంది, రెండిట్లో పెద్దది నెగ్గుతుంది. రెండు డైమెన్షన్ల ఐసింగ్‌లో ఈటా 1/4 కాబట్టి హద్దు 1.75ని 2.17తో భాగిస్తే వచ్చేది, సుమారు 0.81. ఆల్ఫా 0.9 అయితే జ్ఞాపకం అంత పొడుగ్గా ఉండి కూడా జెడ్‌ని కదల్చలేదు! నాకు ఈ విషయంలో అన్నిటికంటే నచ్చిన ముక్క ఇదే. నీ కొలతలు 0.81కి అటూ ఇటూ పెట్టుకో. మరీ ఆనుకుని వద్దు, అక్కడ రెండు జెడ్‌లూ దాదాపు ఒకటే కాబట్టి తేడా తెలియదు.

నాయిస్ తయారీ గురించి ఒక హెచ్చరిక. పవర్ లాని కొన్ని ఎక్స్‌పొనెన్షియల్‌ల మొత్తంగా రాసుకోవడం సులువు, కానీ వాటిలో అన్నిటికంటే పొడుగైన కాలం నీ రన్ కంటే ఎక్కువ ఉండాలి. లేకపోతే చివర్లో జ్ఞాపకం తెగిపోయి పాత జెడ్ తిరిగొస్తుంది. నాయిస్‌ని సున్నా నుంచి కాకుండా దాని స్థిర పంపిణీ నుంచే మొదలుపెట్టు.

ఖర్చు కూడా చూసుకో. ఆల్ఫా 0.5కి జెడ్ 3.5. 64 సైజులో సర్దుకునే కాలం 20 లక్షలు దాటుతుంది, 16లో 16 వేలే. అందుకని 16, 24, 32 చాలు. వాటికీ ముందు ఇంటరాక్షన్ తీసేసి ఒక రన్ చెయ్యి. అక్కడ ఆల్ఫా 0.5కి జెడ్ కచ్చితంగా 4 రావాలి. ఆ గ్రాఫ్ వచ్చాక నాకు పంపించు, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.