పెన్ను పట్టే ముందు రెండుసార్లు చదువు

నల్లగొండ

బిడ్డకు తాత ఆశీస్సులు.

"సమీకరణం ఇస్తే చేస్తా తాతా, మాటల్లో ఇస్తే చేతులు ఆడటం లేదు" అన్నావు నిన్న ఫోన్‌లో. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి, ఈ మాట ఎంతమంది పిల్లల నోట విన్నానో! నీకు లెక్కలు రాక కాదు బిడ్డా. చదివీ చదవకముందే ఎక్స్ అని మొదలుపెడుతున్నావు.

మన బత్తాయి తోటనే తీసుకో. మొత్తం 260 చెట్లు. ఒక్కో వరుసలో ఉన్న చెట్లు, వరుసల కంటే 7 ఎక్కువ. వరుసలెన్ని? మొదటిసారి ఊరికే చదువు, ఒడ్డు మీద నిలబడి తోటను చూస్తున్నట్టు. రెండోసారి, అడిగినదాని కింద గీత గీయి. అడిగింది వరుసలు, చెట్లు కాదు. అప్పుడు "వరుసల సంఖ్య = ఎక్స్" అని మాటల్లో రాయి. ఈ లైను ఎగ్గొట్టి, చివర్లో వచ్చిన 13 వరుసలా చెట్లా అని తికమకపడ్డ పిల్లలు చాలామంది.

ఒక్కో వరుసలో ఎక్స్ + 7 చెట్లు. కాబట్టి:

ఎక్స్(ఎక్స్ + 7) = 260
ఎక్స్² + 7ఎక్స్ – 260 = 0

గుణిస్తే 260, తేడా 7 వచ్చే రెండు సంఖ్యలు కావాలి. గుడ్డిగా వెతకకు. 260ని విడగొట్టు: 2 × 2 × 5 × 13. 13ను పక్కన పెడితే మిగిలింది 20. దొరికింది కదా!

ఎక్స్² + 20ఎక్స్ – 13ఎక్స్ – 260 = 0
(ఎక్స్ + 20)(ఎక్స్ – 13) = 0

ఎక్స్ = 13 లేదా –20. తోటలో మైనస్ 20 వరుసలు ఉండవు. అయినా దాన్ని ఊరికే కొట్టేయకు, "వరుసల సంఖ్య ఋణాత్మకం కాదు" అని కారణం రాయి. 13 × 20 = 260, సరిచూసుకున్నట్టే. కారణాంకాలు తట్టకపోతే వర్గ సమీకరణ సూత్రం ఉంది: అందులో వర్గమూలం కింద వచ్చే సంఖ్య, అంటే విచక్షణి, 7² + 4 × 260 = 49 + 1040 = 1089, దాని వర్గమూలం 33. (–7 + 33) ÷ 2 = 13, జవాబు అదే వస్తుంది.

నేను పదో తరగతిలో ఇలాంటిదే మనసులో చేసేసి జవాబు ఒక్కటే రాశాను. ఎక్కడో గుర్తు తప్పింది. పేపర్లో ఒక్క మెట్టూ లేకపోయేసరికి సున్నా వేశారు. ఆ బాధ నీకొద్దు.

దసరాకు వచ్చినప్పుడు నీ నోట్‌బుక్ చూశాను. 5 – 2(ఎక్స్ – 3) దగ్గర 5 – 2ఎక్స్ – 6 అని రాశావు. బయటి మైనస్ లోపలి రెండింటికీ తగలాలి: 5 – 2ఎక్స్ + 6, అంటే 11 – 2ఎక్స్. అనుమానమొస్తే ఎక్స్ బదులు 4 పెట్టు. అసలుది 3 అవుతుంది, ఇదీ 3 అవుతుంది. నువ్వు రాసింది –9 అవుతుంది. పరీక్షలో అర నిమిషం కూడా పట్టదు.

రోజుకు మూడు లెక్కలు చాలు, కానీ పూర్తిగా రాయి. ఆదివారం వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ తీసుకురా. తప్పులున్న పేజీలు చింపకు, వాటితోనే మొదలుపెడదాం.

మీ తాత