ట్యాబుల వెనక పడిన గండి

గవర్నరుపేట, విజయవాడ

చిరంజీవికి ఆశీస్సులు.

మీరంతా కలిసి రాస్తున్న వికీలో ప్రకాశం బ్యారేజీ పేజీ నిన్న రాత్రి చదివాను. చదివాను అనడం కన్నా నొక్కుతూ కూర్చున్నాను అనాలి. చరిత్ర, నిర్మాణం, కాలువలు, చిత్రాలు, ఇతరాలు: నొక్కితేనే తెరుచుకునే అయిదు ట్యాబులు! 1855లో పూర్తయిన ఆనకట్ట మొదటిదానిలో ఉంది, 1957 నాటి బ్యారేజీ రెండోదానిలో ఉంది. మధ్యలో ఏమయిందో 'ఇతరాలు'లో దొరికింది: "1952లో ఆనకట్టకు గండి పడిన రోజు మా తాతయ్య సీతానగరం ఒడ్డున నిలబడి, ఇక చేలు ఎండినట్టే అన్నాడట."

పేజీ మొత్తంలో ప్రాణమున్న వాక్యం అదొక్కటే. దాన్ని అటకెక్కించావు.

రెండు పేరాలను కలిపే వాక్యం రాయడానికి బద్ధకించినవాడే ట్యాబు కడతాడు. ఆ గండి తర్వాతే కొత్త బ్యారేజీ కట్టారని ఒక్క ముక్క రాసి ఉంటే నీ మొదటి రెండు ట్యాబుల అవసరమే ఉండేది కాదు.

ముప్పై ఏళ్ల కిందట ఒక వారపత్రిక సంపాదకుడు నా వ్యాసాన్ని ఆరు బాక్సులుగా కోశాడు. పాఠకుడికి ఊపిరాడాలట! ఏలూరు రోడ్డు ప్రెస్సులో ప్రూఫు చూస్తే మూడో బాక్సు "అందుచేత" అని మొదలైంది. ఎందుచేతో అయిదో బాక్సులో ఉంది. ఆయన మీద కోపం నాకింకా పోలేదు.

పైగా పదిమంది దిద్దే చోట కంటికి కనిపించిందే దిద్దుతారు. ఏలూరు కాలువను నువ్వు పడమటి డెల్టాలో కలిపేశావు. అది బెజవాడ వైపు తూము నుంచి బయలుదేరే తూర్పు డెల్టా కాలువ నాయనా! ఇన్ని నెలలుగా ఒక్కరూ సవరించలేదు. ఆ ట్యాబు తెరిస్తే కదా? ఇంకొకటి. ట్యాబుకూ ట్యాబుకూ మధ్య వాటిని విడదీసే గుర్తుగా నిలువుగీత, అడ్డగీత, నిలువుగీత పెట్టావు చూడు, ఎవరో తెలియక దాన్ని చెరిపారు. 'చిత్రాలు' వచ్చి 'కాలువలు'లో పడ్డాయి.

తూర్పు డెల్టా కాలువల పట్టిక ఒక ట్యాబులో, పడమటి డెల్టా పట్టిక ఇంకొక ట్యాబులో పెట్టుకుంటే కాదనను. ఒకటి కావలసినవాడికి రెండోదానితో పని ఉండదు.

ట్యాబుల రంగుల గురించి కూడా ఏదో అడిగావు. ఫొటోలు బాగున్నాయి.

తాతయ్య మాటను చరిత్రలోకి తెచ్చి, అది ఎవరి నోట విన్నావో రాసి పంపు. ఆయన చేను ఏ కాలువ కిందిదో ఇంట్లో అడుగు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు