ఐదో ‘ఎందుకు’ దగ్గర ఆగిపోయిన అమ్మాయికి

అమ్మాయీ,

ఆశీస్సులు. మీ మామయ్య టిఫిన్ సెంటరు మీద ఐదు ‘ఎందుకు’ల పద్ధతిలో నువ్వు రాసిన వ్యాసం అంది పన్నెండు రోజులైంది. చదవడం మొదటి రోజే అయింది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు కనుక అలాగే రాస్తున్నాను.

మీ మామయ్య రాత్రి షట్టరు దించాక గల్లాపెట్టెలో డబ్బు లెక్కపెట్టి, నమ్మకం కుదరక మళ్ళీ మొదటి నోటు నుంచి లెక్కపెట్టుకుంటాడని రాశావే, ఆ వాక్యం అలాగే ఉంచు. ఎవరు తీసెయ్యమన్నా తీసెయ్యకు. వ్యాసం మొత్తంలో నువ్వు కళ్ళతో చూసి రాసింది అదొక్కటే.

ఇక నాలుగో పేజీ. టిఫిన్ సెంటరుకు గిరాకీ ఎందుకు తగ్గింది? సాంబారు పులిసిన వాసన వస్తోంది. ఎందుకు? తెల్లవారుజామున కాచిందే పదకొండింటి దాకా పోస్తున్నారు. ఎందుకు? రెండోసారి కాచడం లేదు. ఎందుకు? వంటావిడ కాచనంటోంది. ఎందుకు? ‘ఆమెకు పని మీద శ్రద్ధ లేదు.’ దాని కింద రెండు గీతలు గీసి, ‘మూలకారణం దొరికింది, వంటమనిషిని మార్చాలి’ అని తేల్చావు.

శ్రద్ధ లేని మనిషి తెల్లవారుజామున మూడున్నరకు వచ్చి పొయ్యి వెలిగిస్తుందా? మీ మామయ్య కంటే ముందే ఆవిడ వస్తుందని మొదటి పేజీలో రాసింది నువ్వే. ఇడ్లీ కోసం ఇప్పటికీ పక్క వీధి నుంచి వస్తారని రెండో పేజీలో రాసిందీ నువ్వే. శ్రద్ధే కారణమైతే ఇడ్లీ కూడా చెడాలి కదా? చెడినదాన్ని మాత్రమే కాదు, చెడకుండా మిగిలినదాన్ని కూడా వివరించగలిగితేనే అది కారణం. లేకపోతే అది తిట్టు. నీ మెట్లను కింది నుంచి పైకి ‘అందువల్ల’ అని కలుపుకుంటూ ఒకసారి చదువు. ఏ మెట్టు దగ్గర నాలుక తడబడుతుందో అక్కడ నువ్వు ఊహించి రాశావన్నమాట.

వరసగా ‘ఎందుకు’ అని అడుగుతూ మూలకారణం దాకా పోయే ఈ పద్ధతిని జపాను నుంచి తెచ్చినప్పుడు పూర్తిగా తేవాలి. అక్కడి కార్ల కంపెనీ టయోటాలో ఈ ఐదు ప్రశ్నల్ని పట్టుబట్టి అలవాటు చేసినవాడు తైఇచి ఓనో. 1978లో వచ్చిన తన పుస్తకంలో ఆయనే ఒక ఉదాహరణ ఇచ్చాడు. యంత్రం ఆగింది. ఎందుకు? భారం ఎక్కువై ఫ్యూజు పోయింది. భారం ఎందుకు ఎక్కువైంది? బేరింగుకు నూనె చాలలేదు. ఎందుకు చాలలేదు? నూనె పంపు సరిగా తోడటం లేదు. ఎందుకు? దాని ఇరుసు అరిగిపోయి వదులుగా కదులుతోంది. ఎందుకు అరిగింది? పంపుకు జాలీ లేదు, లోహపు రజను లోపలికి పోయింది. ఈ ఐదు జవాబుల్లో ఒక్క మనిషైనా ఉన్నాడా, వెతుకు. ‘నూనె పోసేవాడు నిద్రపోయాడు’ అని రెండో మెట్టు దగ్గరే తేల్చి ఉంటే వాడి జీతం కోసేవారు, కొత్త ఫ్యూజు వేసేవారు, కొన్నాళ్ళకు మళ్ళీ ఫ్యూజు పోయేది.

ఐదు అనే అంకెకు మహిమ ఏమీ లేదు. మూడింటికే తేలేవి ఉంటాయి, తొమ్మిదింటికీ తేలనివి ఉంటాయి. మధ్యలో దారి రెండుగా చీలేవి మరీ ఎక్కువ. నువ్వేమో ఐదు గళ్ళు గీసుకుని నింపావు, పరీక్షలో ఖాళీలు పూరించినట్టు.

ఓనో ఉద్యోగం మొదలైంది కార్ల దగ్గర కాదు. 1932లో, టయోటాను పెట్టిన టయోడా కుటుంబం వారి నూలు, నేత కంపెనీలో చేరాడు. ఆ ఇంటి పెద్ద సకిచి టయోడా 1924లో పూర్తి చేసిన మగ్గం దారం తెగితే తనంతట తానే ఆగిపోయేది. నువ్వు తెగిన దారంతోనే ఇంకో రెండు పేజీలు నేశావు.

ఏడు చేపల కథలో మనవాళ్ళు ఇదంతా ఎప్పుడో చెప్పారని ఒక సభలో ఎవరో అంటే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండింది. ఆ కథ సరిగ్గా వినండర్రా! గడ్డిమోపు ఆవు మీద పెట్టింది, ఆవు పాలేరు మీద, పాలేరు అవ్వ మీద, అవ్వ పిల్లవాడి మీద, పిల్లవాడు చీమ మీద. నెపం చేతులు మారుతూ పోయిందే తప్ప చేప ఎండలేదు. గడ్డిమోపు అడ్డమొస్తే చేపను ఇవతలికి జరపడానికి ఆ రాజకొడుక్కు ఏమైంది? అడిగేవాణ్ణి ఎవరూ అడగరు. ఆ కథలో నిజం మాట్లాడింది చీమ ఒక్కటే. నా పుట్టలో వేలు పెడితే కుట్టనా అంది. మీ వంటావిడను అడిగితే ఆవిడా అలాంటి మాటే అంటుందని నా నమ్మకం.

నీ మీద ఇంత కోపం ఎందుకో కూడా చెప్పాలి. 1983లో నేను తెనాలిలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. వేసవి ముహూర్తాలు, శుభలేఖల రద్దీ. ఒక కార్డులో ‘వరుడు’ పోయి ‘పరుడు’ పడింది. మూడు వందల కార్డులు. పెళ్ళికొడుకు తండ్రి వచ్చి ప్రెస్సు గుమ్మంలో నిలబడి చదివి వినిపించాడు, వీధి వీధంతా నవ్వింది. యజమాని తప్పుల పుస్తకం తీసి నన్ను రాయమన్నాడు. ‘కంపోజిటరు అజాగ్రత్త’ అని, అంటే టైపు అక్షరాలు పేర్చేవాడిదే తప్పని, రాశాను. అక్షరం అక్షరం గుర్తుంది. ఆ కంపోజిటరుకు ఒక రోజు కూలి కోశారు. ఏమీ అనలేదు, చొక్కా తగిలించుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు మామూలుగానే వచ్చాడు.

వారం తిరక్కుండా ఇంకో కార్డులో మళ్ళీ వ, ప తారుమారు. ఈసారి టైపు అక్షరాల గడులుండే కేసు దగ్గరికి వెళ్ళి ‘వ’ గడిలో చెయ్యి పెట్టి గుప్పెడు టైపు తీశాను. సగం ‘ప’లే. అచ్చయిన ఫారం విప్పి టైపును ఏ అక్షరాన్ని ఆ గడిలో పడేసే పని రాత్రి పూట ఒక కుర్రవాడు చేసేవాడు. రాత్రి ఎందుకు? పొద్దున్నే ఇంకో శుభలేఖకు అదే టైపు కావాలి. ఇంకో జత టైపు ఎందుకు లేదు? కొనడానికి డబ్బు లేదు. సీజనులో డబ్బెందుకు లేదు? జనవరిలో శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఒక అభ్యర్థికి గోడపత్రికలు అప్పు మీద వేసి ఇచ్చారు, కాగితం కూడా అప్పు తెచ్చే. ఆయన ఓడిపోయాడు, బాకీ అలాగే ఉండిపోయింది. ఒక నాయకుడి గోడపత్రికల బాకీ ఎవరో పెళ్ళికొడుకును పరుణ్ణి చేసింది! కుర్రవాణ్ణి రాత్రి మానిపించి పగలు వెలుతురులో ఆ పని చేయించాం, తప్పులు సగానికి సగం తగ్గాయి. బాకీ మాత్రం నేను ఆ ప్రెస్సు మానేసే దాకా వసూలు కాలేదు.

ఇంకో వరుస ప్రశ్నలు నేను అడగనే లేదు. తప్పు ఎందుకు పడింది అన్నది ఒకటి, పడిన తప్పు ఎందుకు దొరకలేదు అన్నది మరొకటి. రెండోది నా దగ్గరికి వస్తుంది కాబట్టి పదేళ్ళు దాని జోలికి పోలేదు. పోయినప్పుడు కూడా ‘నాదే తప్పు’ అని గుండెలు బాదుకుని అక్కడే ఆగిపోయాను. అదీ సోమరితనమే. ట్రెడిల్, అంటే కాలితో నడిపే అచ్చు మిషను, తొక్కేవాడికి వెయ్యి కాపీలకు ఇంత అని కూలి. రెండో ప్రూఫు వచ్చేదాకా ఆగితే వాడికి నష్టం. అందుకే నేను చూడకముందే మిషను నడిచేది. నన్ను నేను తిట్టుకున్నన్నాళ్ళూ ఆ సంగతి కనబడలేదు.

ఈ ముచ్చటంతా ఒకసారి వారపత్రికకు రాసి పంపాను. సంపాదకుడు ప్రెస్సు తీసేశాడు, కంపోజిటరును తీసేశాడు, ‘విజయానికి ఐదు మెట్లు’ అని పేరు పెట్టి డబ్బాలు గీయించి వేశాడు. పైన కోటు వేసుకున్న ఎవరిదో నవ్వు ముఖం. ఫోను చేస్తే ‘పాఠకుడికి “ఎందుకు” అక్కర్లేదండీ, “ఎలా” కావాలి’ అన్నాడు. ఇప్పుడు పుస్తకాల దుకాణానికి వెళ్ళినా ఆ డబ్బాలే కనబడతాయి, ప్రతి రెండో అట్ట మీద ఒక నిచ్చెన. నీ నాలుగో పేజీలో ఆ నిచ్చెన చూసే నాకు రక్తం మరిగింది.

కలం పేరు గురించి, ఏ పత్రికకు పంపాలన్న దాని గురించి అడిగావు. అవి తరువాత చూద్దాం. ముందు ఒక రోజు మూడున్నరకు లేచి ఆ వంటింట్లోకి వెళ్ళు. ఓనో తన ఇంజనీర్లను కర్మాగారం నేల మీద సుద్దముక్కతో గీసిన వలయంలో గంటల తరబడి నిలబెట్టి చూడమనేవాడు. నీకు సుద్ద అక్కర్లేదు, గ్రైండరు పక్కన కాస్త చోటు చూసుకో. కాగితం తియ్యకు. ఎనిమిదింటికి రద్దీ మొదలైనప్పుడు ఏ పొయ్యి మీద ఏముందో చూడు. ఉన్న రెండింట్లో ఒకదాని మీద దోసె పెనం, రెండోదాని మీద వడల బాణలి ఉంటే సాంబారు గిన్నె ఎక్కడ పెట్టాలి? మూడో పొయ్యి ఎందుకు లేదు? ఇంకో సిలిండరు తెమ్మని ఆవిడ ఎప్పుడైనా అడిగిందా, అడిగితే మీ మామయ్య ఏమన్నాడు? ఆయన డబ్బు రెండోసారి లెక్కపెట్టుకోవడానికీ ఆవిడ సాంబారు రెండోసారి కాచకపోవడానికీ సంబంధం ఉందేమోనని నా అనుమానం. అనుమానమే, నేను చూడలేదు.

పదకొండు దాటాక, గిన్నెలు తోమేటప్పుడు ఆవిడతో మాట్లాడు. ‘ఎందుకు కాచవు’ అని అడగకు, ఆ మాట దెబ్బలా తగులుతుంది. ‘కాచాలంటే ఏం కావాలి’ అని అడుగు. వ్యాసం తిరగరాసి పంపడానికి తొందరేమీ లేదు. ఈలోగా ఒక కార్డు ముక్క రాయి. ఆరు పేజీల్లో ఎక్కడా ఆవిడ పేరు లేదు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి