వివాదాల నాయకుడి టీమ్‌లో అమ్మాయికి ఉద్యోగం: పంపాలా, వద్దా?

ప్రశ్న: మేడమ్, మాది గాజువాక. మా అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో జర్నలిజం పీజీ పూర్తిచేసింది. వయసు 23. గ్రూప్-2కి కూడా చదువుతోంది. ఇక్కడి ఒక రాజకీయ నాయకుడి దగ్గర ప్రసంగాలు, సోషల్ మీడియా పోస్టులు రాసే ఉద్యోగం వచ్చింది. నెలకు 40 వేలు ఇస్తామన్నారు. ఆయన మీద భూముల కేసులున్నాయి. ఒక వర్గం గురించి ఆయన అన్న మాటల మీద పెద్ద గొడవ కూడా అయింది. పార్టీ ముద్ర పడితే గవర్నమెంట్ ఉద్యోగం రాదని మావారు వద్దంటున్నారు. అమ్మాయి చేరతానని పట్టుబట్టింది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీవారి భయం సంగతి చెబుతాను. ఒక నాయకుడి దగ్గర పనిచేసినంత మాత్రాన ఎవరూ ప్రభుత్వ ఉద్యోగానికి అనర్హులు కారు. మధ్యప్రదేశ్‌లో ఒక టీచరు గతంలో ఆర్‌ఎస్‌ఎస్, జనసంఘ్ (బీజేపీకి ముందున్న పార్టీ) కార్యక్రమాల్లో పాల్గొన్నారని పోలీసు రిపోర్టు వస్తే ఆయన్ను ఉద్యోగం నుంచి తీసేశారు. పాత రాజకీయ కార్యకలాపాలను సాకుగా చూపి అలా తీసేయడం చెల్లదని సుప్రీంకోర్టు 1983లో తీర్పిచ్చింది. ఆ తీర్పు రాసింది మన తెలుగు జడ్జి, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. రాజకీయాలకు దూరంగా ఉండాలన్న నియమం సర్వీసులో చేరాకే వర్తిస్తుంది.

నాకు టెన్షన్ రేపు మీ అమ్మాయి మీదే పడగల ఎఫ్‌ఐఆర్ గురించి. ప్రభుత్వ ఉద్యోగానికి సెలక్టయ్యాక పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది, అప్పుడు నింపే ఫారంలో కేసుల వివరాలు అడుగుతారు. దాస్తే చిక్కు ఇంకా పెద్దదవుతుంది. ప్రభుత్వం మారాక పాత సోషల్ మీడియా పోస్టుల మీద కేసులు పెట్టడం మన రాష్ట్రంలో అందరం చూశాం. 2019లోనూ 2024లోనూ ప్రభుత్వాలు మారాయి. వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టారని భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 196వ సెక్షన్ కింద కేసు పడితే మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంటుంది. పైనుంచి నోటిమాటగా చెప్పినవాళ్లు అప్పుడు ఎక్కడుంటారో తెలియదు. అకౌంట్ ఎవరి సిమ్ మీద తెరిచారో మాత్రం పోలీసులకు తెలుస్తుంది. కాబట్టి పార్టీ పేజీ ఏదైనా సరే, తన సొంత ఫోన్ నంబరుతో తెరవనని అమ్మాయి మొదటిరోజే చెప్పాలి.

మీరు భూముల కేసులనూ ఆ మాటల గొడవనూ ఒకే గాటన కట్టారు. నేనైతే విడివిడిగా చూస్తాను. భూముల కేసు నిజమో కాదో కోర్టు తేలుస్తుంది. ఆయన ఎన్నికల్లో పోటీచేసి ఉంటే నామినేషన్‌తో ఇచ్చిన ఫారం 26 అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. పెండింగ్ కేసులు, సెక్షన్లు, అభియోగాలు నమోదయ్యాయో లేదో అందులో ఉంటాయి. కేసు నంబరు దొరికితే కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైట్‌లో ఎక్కడిదాకా వచ్చిందో చూడొచ్చు. ముగ్గురూ కూర్చుని చదవండి. వాట్సాప్‌లో వచ్చేవాటికంటే అది నయం. అయినా అందులో ఏమున్నా అది ఆయన గతం, మీ అమ్మాయికి సంబంధం లేదు.

ఆ మాటల సంగతి అలా కాదు. రేపు ఆయన మాట్లాడేది రాయాల్సింది మీ అమ్మాయే. ఉద్యోగమే అది! అకౌంట్సో అపాయింట్‌మెంట్లో చూసే పని అయితే నేను ఇంత గట్టిగా చెప్పను. గత మూడు నెలల్లో ఆ టీమ్ పెట్టిన పోస్టులన్నీ తనను చదవమనండి. అధికారిక పేజీ ఒక్కటే చాలదు, అభిమానుల పేరుతో నడిచే పేజీలు కూడా చూడాలి. ఆ వర్గానికి చెందిన స్నేహితురాలు యూనివర్సిటీలో తనకు ఉండే ఉంటుంది. ఆమె ముందు కూర్చుని, ఇది నేనే రాశానని చెప్పగలదా? చెప్పలేనంటే చేరకూడదు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

చెప్పగలనంటే, చేరేముందు ఇంచార్జిని సూటిగా అడగమనండి: "ఏదైనా పోస్టు నేను రాయనంటే ఏమవుతుంది?" జవాబు కంటే ఆ ప్రశ్నకు ఆయన ముఖం ఎలా మారిందో చూడమనండి. అపాయింట్‌మెంట్ లెటర్ ఎవరి పేరుమీద ఇస్తారు, జీతం బ్యాంకులో పడుతుందా, పీఎఫ్ ఉందా, టూర్లలో రాత్రి ఆలస్యమైతే ఎవరు దింపుతారు, ఇవీ అడగాలి. 40 వేలు నోటిమాటే అయితే లెక్కలోకి తీసుకోకండి. ఇలాంటి టీమ్‌లు ఎన్నికల ఫలితాలు రాగానే చెదిరిపోతుంటాయి. చేరినా గ్రూప్-2 పుస్తకాలు మూయకూడదు.

తనకు రాజకీయాలంటేనే ఇష్టమైతే ఇంకో దారి ఉంది. ఢిల్లీలోని పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ 2010 నుంచి ల్యాంప్ ఫెలోషిప్ నడుపుతోంది. డిగ్రీ చదివి, వయసు పాతికేళ్లు దాటనివాళ్లు అప్లై చేయొచ్చు. ఒక ఎంపీ దగ్గర ఉండి బిల్లుల మీద రీసెర్చ్, ప్రశ్నలు, ప్రసంగాల పని చేయాలి, స్టైపెండ్ ఇస్తారు. మీ అమ్మాయి వయసుకు అవకాశం ఇంకా ఉంది.

ఒక్కటి మాత్రం చేయకండమ్మా, "మా మాట కాదని వెళ్తే మాకు చెప్పొద్దు" అనకండి. అక్కడ ఏదైనా తప్పుడు పని చేయమన్న రోజు తను మొదట ఫోన్ చేయాల్సింది మీకే. లెటర్ చేతికొచ్చాక, సంతకం పెట్టకముందు, వ్యక్తిగత వివరాలు కొట్టేసి నాకు పంపండి. పని వివరణ, మానేయాలంటే ఇవ్వాల్సిన నోటీసు గడువు చూసి చెబుతాను.