‘సెసమీ స్ట్రీట్’‌కు వయసు ఎందుకు మీదపడలేదు?

ప్రశ్న: సెలవులకు అనంతపురం వచ్చిన మా అమ్మాయి కూతురు రోజూ ‘సెసమీ స్ట్రీట్’ చూస్తోంది. అమెరికాలో వాళ్ల పక్కింటి తాతగారు కూడా చిన్నతనంలో దీనినే చూసేవారట. ఒక పిల్లల కార్యక్రమం ఇన్నేళ్లు పాతబడకుండా ఎలా నిలిచింది? తెలుగు తప్ప మరో భాష రాని మా నాలుగేళ్ల మనవడికి దానిని చూపించవచ్చా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అమ్మా, ఆ కార్యక్రమం 1969 నవంబరు 10న మొదలైంది కనుక పక్కింటి తాతగారి మాట నిజమే అయి ఉంటుంది. టీవీలో వచ్చే బీరు ప్రకటనల పాటలను పసిపిల్లలు పొల్లుపోకుండా పాడుతుండటం గమనించిన జోన్ గాంజ్ కూనీ అనే ఆమె, ఈ కార్యక్రమానికి రూపమిచ్చినవారిలో ఒకరు, అదే టీవీ అక్షరాలనూ అంకెలనూ నేర్పగలదని నమ్మారు. ఆనాటి భాగాన్ని ఫలానా అక్షరమూ ఫలానా అంకే సమర్పిస్తున్నాయని చెప్పే పద్ధతి ఆ ప్రకటనల వరస నుంచి వచ్చినదే.

పెద్దలు తాము అనుకున్నదాని కన్నా పిల్లల చూపునే ఎక్కువగా నమ్మడం వల్ల ఆ కార్యక్రమం ఇంతకాలం నిలిచిందని నేను భావిస్తున్నాను. ఎడ్వర్డ్ పామర్ అనే పరిశోధకుడు టీవీ పక్కనే మరో తెర పెట్టి, కొన్ని సెకన్లకొకసారి దానిపై బొమ్మలు మారేలా చేసి, పిల్లవాడి కళ్లు ఏ క్షణంలో టీవీని వదిలి అటు తిరుగుతున్నాయో రాసుకునేవారు. కల్పననూ నిజాన్నీ కలిపితే పసివారు తికమకపడతారన్న నిపుణుల సలహా మేరకు మొదట కార్యక్రమంలోని వీధి దృశ్యాలలో ఆడించే బొమ్మలు లేకుండా మనుషులనే ఉంచారు. 1969 జులైలో ఫిలడెల్ఫియాలో నమూనా భాగాలు చూపినప్పుడు సరిగ్గా ఆ దృశ్యాల దగ్గరే పిల్లల ధ్యాస చెదిరింది. నిపుణుల మాటను పక్కన పెట్టి, బొమ్మలాట కళాకారుడు జిమ్ హెన్సన్ చేత ఆ వీధిలో తిరిగే బొమ్మలను చేయించారు. ఎనిమిది అడుగులకు పైగా ఎత్తు, ఆరేళ్ల పిల్లవాడి మనసు గల బిగ్ బర్డ్ అనే పక్షి బొమ్మ అలా పుట్టింది.

అంతటి గౌరవం పిల్లల దుఃఖానికీ దక్కింది. ఆ వీధిలో కొట్టు నడిపే హూపర్ గారి పాత్రధారి విల్ లీ 1982 డిసెంబరులో మరణించారు. ఆయన ఊరు వెళ్లాడని చెప్పి దాటవేయకుండా, చనిపోయినవారు తిరిగి రారన్న సంగతిని 1983 నవంబరులో ప్రసారమైన భాగంలో బిగ్ బర్డ్‌కు తోటి పెద్దలచేత సూటిగా, ప్రేమగా చెప్పించారు. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు పిల్లలను పక్కింటికి పంపేసే మనం ఆ భాగాన్ని ఒకసారి తప్పక చూడాలి.

పెద్దలకు నవ్వు తెప్పించే మాటలు కూడా అందులో కావాలనే చేర్చారు, ఎందుకంటే తల్లి పక్కన కూర్చుని చూస్తే బిడ్డ ఎక్కువ నేర్చుకుంటుంది. మన ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులకు ఈ కిటుకు కొత్తది కాదు. రామాయణ కథ మధ్యలో బంగారక్క, కేతిగాడు వచ్చారంటే అవ్వా మనవడూ ఒకేసారి నవ్వుతారు.

మీ మనవడికి నిస్సందేహంగా చూపించండి. మన దేశానికి 2006లో ‘గలీ గలీ సిమ్ సిమ్’ పేరుతో హిందీ రూపం వచ్చింది, అందులో బడి దుస్తులు వేసుకునే చమ్కీ అనే అమ్మాయి ముఖ్య పాత్ర. ఏ భాషలో చూసినా పిల్లవాడిని ఫోనుకు అప్పగించి వంటింట్లోకి వెళ్లకండి. పావుగంట చాలు, పక్కన కూర్చుని తెరపై జరిగేదానిని తెలుగులో చెబుతూ ఉండండి. అందులో అయిదు అంకె వచ్చిన రోజున, సాయంత్రం బుడ్డలు ఒలిచేటప్పుడు అయిదేసి గింజలు లెక్కపెట్టి మీ చేతిలో పెట్టమనండి.